కోకర్ పిల్లలు

ఇరాన్ ఉత్తర ప్రాంతంలో, కాస్పియన్ సముద్రానికి దక్షిణంగా ఉన్న గీలాన్ రాష్ట్రపు కొండలలో కోకర్ అనే చిన్న పల్లె ఉంది. ఊరి చెంత ఒక గుట్ట. ఆ గుట్ట మీదికి మెలికలు తిరుగుతూ పోయే కాలిబాట. కొనమీద ఒంటరిగా ఒక చెట్టు. ప్రపంచ చలనచిత్రాలతో పరిచయం ఉన్నవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. తొలిసారి చూసినవారు మాత్రం తరతరాల పల్లెజనం అడుగులు పడి పడి ఏర్పడిన బాట అనుకుంటారు. నిజానికి 1987లో వెలువడిన ఒక చిత్రం కోసం దర్శకుడు అబ్బాస్ కియరొస్తమీ తన బృందం చేత వేయించిన బాట అది. కథ కోసం పుట్టిన బాట నిజమైన నేల మీద నిలిచింది. మూడేళ్ల తరువాత ఆ నేల కంపించింది. ఆ బాట వెంట పరుగెత్తిన పిల్లలు బ్రతికి ఉన్నారో లేదో తెలియక, వారికి కథ కల్పించి ఇచ్చిన దర్శకుడే వారిని వెతుక్కుంటూ బయలుదేరవలసి వచ్చింది.

ఆ ప్రయాణం నుండి మరొక చిత్రం పుట్టింది. ఆ చిత్రం తీస్తూ ఉండగా జరిగిన ఒక చిన్న సంఘటన నుండి ఇంకొకటి పుట్టింది. 'స్నేహితుడి ఇల్లు ఎక్కడ?' (1987), 'జీవితం సాగుతూనే ఉంటుంది' (1992), 'ఆలివ్ చెట్ల నడుమ' (1994) అనే ఈ మూడింటినీ కలిపి 'కోకర్ త్రయం' అంటారు. ఆ పేరు విమర్శకులు పెట్టినదే కాని దర్శకుడు పెట్టినది కాదు. అయినా మూడింటినీ వరుసగా చూసిన ప్రేక్షకుడికి ఆ పేరు సమంజసంగానే తోస్తుంది. ఏ ఒక్కదానిని విడిగా చూసినా అది మంచి చిత్రమే. వరుసగా చూసినప్పుడు మాత్రం ప్రతి చిత్రమూ తన ముందరి చిత్రాన్ని నిలదీస్తుంది. నీవు చూపినది ఎంతవరకు నిజం, నీ వెనుక ఉన్న మనుషులు ఏమయ్యారు అని అడుగుతుంది.

ఈ ప్రశ్న సినిమాకు పుట్టుకతోనే వచ్చింది. 1895లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ల్యుమియేర్ సోదరులు తమ కర్మాగారం నుండి పనివారు బయటికి వచ్చే దృశ్యాన్ని చిత్రించారు. సినిమా చరిత్రలో తొలి వాస్తవ దృశ్యాలలో ఒకటిగా దానిని చెప్పుకుంటారు. కాని ఆ దృశ్యానికి మూడు రూపాలు ఉన్నాయి. అంటే కెమెరా కోసం పనివారు మళ్లీ మళ్లీ గేటు దాటారన్నమాట. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఉత్తర ధ్రువ ప్రాంతపు ప్రజలను గురించి తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' మరొక ఉదాహరణ. అందులోని నాయకుడి అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. మంచు ఇంట్లో చిత్రీకరణకు వెలుతురు చాలక సగం కప్పు లేని ఇంటిని కట్టించారు. తుపాకులు వాడుతున్న వారి చేత పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించారు. ఇవి తెలిసిన తరువాత కూడా ఆ చిత్రం విలువ పోలేదు. అయితే ప్రేక్షకుడి మనస్సులో ఒక సందేహం మాత్రం మిగిలిపోయింది. అక్కడ దర్శకుడు తన కల్పనను దాచిపెట్టాడు. కియరొస్తమీ దాచలేదు. కోకర్ చిత్రాల ప్రత్యేకత అక్కడే ఉంది.

కియరొస్తమీ 1940లో టెహరాన్‌లో జన్మించారు. బాలల, యువజనుల మేధావికాసం కోసం ఏర్పడిన 'కానూన్' అనే సంస్థలో చలనచిత్ర విభాగాన్ని నెలకొల్పడంలో ఆయనకు ప్రధానమైన పాత్ర ఉంది. పిల్లల కోసం, పిల్లలతో చిన్న చిన్న చిత్రాలు తీస్తూ ఆయన తన పద్ధతిని దిద్దుకున్నారు. సత్యజిత్ రాయ్ మరణం తరువాత తనకు కలిగిన వెలితిని కియరొస్తమీ చిత్రాలు తీర్చాయని జపాన్ దర్శకుడు అకిరా కురొసావా చెప్పిన మాట ప్రసిద్ధం.

మొదటి చిత్రం కథ అతి చిన్నది. అహ్మద్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు పొరపాటున తన తోటి విద్యార్థి నోటుపుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. మరొకసారి ఇంటిపని నోటుపుస్తకంలో రాయకుండా వస్తే బడి నుండి వెళ్లగొడతానని ఉపాధ్యాయుడు ఆ తోటివాడిని అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. అహ్మద్ తల్లికి చెబుతాడు. ఆమె వినదు. తాత వినడు. వినకపోగా, పిల్లలకు క్రమశిక్షణ అలవడాలంటూ సిగరెట్లు తెమ్మని పంపుతాడు. పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా గుట్టమీది మెలికల బాట వెంట పొష్తె అనే పొరుగూరికి పరుగెత్తుతాడు. స్నేహితుడి ఇల్లు దొరకదు. చీకటి పడుతుంది. తలుపులు చేసే ఒక ముసలి వడ్రంగి తోడు వచ్చి, సన్నని సందులలో మెల్లగా నడుస్తూ, తాను చేసిన తలుపుల గురించి, కిటికీల గురించి చెబుతూ ఉంటాడు. దారిలో ఒక పువ్వు తెంపి పిల్లవాడికి ఇస్తాడు. చివరికి అహ్మద్ రాత్రంతా కూర్చుని ఇద్దరి ఇంటిపనీ తానే రాస్తాడు. మరునాడు ఉపాధ్యాయుడు నోటుపుస్తకం తెరిచినప్పుడు పుటల మధ్య ఆ పువ్వు కనిపిస్తుంది.

ఇందులో నటించినవారంతా ఆ ప్రాంతపు సామాన్యులే. అహ్మద్‌గా నటించిన బాలుడి పేరు బాబక్ అహ్మద్‌పూర్. నోటుపుస్తకం పోగొట్టుకున్న తోటివాడిగా నటించినది అతని సొంత తమ్ముడు. ఆ తమ్ముడి అసలు పేరే అహ్మద్! కథలో ఎవరి ఇల్లు ఎక్కడో తెలియక అల్లాడిన పిల్లలిద్దరూ వాస్తవంలో ఒకే ఇంటి పిల్లలు. చిత్రం 1989లో స్విట్జర్లాండులోని లొకార్నో చిత్రోత్సవంలో బహుమతి పొందింది. కోకర్ అనే పేరు ఊరి పొలిమేర దాటి లోకానికి తెలిసింది.

1990 జూన్ 21వ తేదీ అర్ధరాత్రి దాటిన అరగంటకు గీలాన్, జంజాన్ ప్రాంతాలను పెనుభూకంపం కుదిపివేసింది. దాని తీవ్రత 7.4. ముప్పై అయిదు వేల మందికి పైగా మరణించారు. మట్టితోను ఇటుకలతోను కట్టిన ఇళ్లు నిద్రపోతున్న వారి మీదనే కూలాయి. ఇటలీలో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్న రోజులవి. ఆ రాత్రి బ్రెజిల్, స్కాట్లాండ్ జట్ల ఆట చూస్తూ మేలుకొని ఉన్నందువల్ల బ్రతికి బయటపడినవారు కొందరున్నారు. మనుషుల ప్రాణాలు ఎంత చిన్న కారణాల మీద వేలాడతాయో!

వార్త తెలిసిన కొద్ది రోజులకే కియరొస్తమీ తన కొడుకును వెంటబెట్టుకొని కారులో కోకర్ వైపు బయలుదేరారు. చిత్రం తీయాలన్న ఉద్దేశంతో కాదు, బాబక్, అహ్మద్‌ల క్షేమం తెలుసుకోవడానికే. బీటలు వారిన రహదారులు, శిథిలాలు, ఆ శిథిలాలలోనే వంట పాత్రలు కడుక్కుంటున్న స్త్రీలు ఆయనకు ఎదురయ్యారు. కొన్ని నెలల తరువాత ఆ ప్రయాణాన్నే ఆధారంగా చేసుకొని రెండవ చిత్రం తీశారు. అందులో ఒక దర్శకుడు తన కొడుకుతో కలిసి, పూర్వం తన చిత్రంలో నటించిన ఇద్దరు పిల్లలను వెతుక్కుంటూ కారులో పోతుంటాడు. చేతిలో ఆ చిత్రపు ప్రచార పత్రం. అందులో బాబక్ ముఖం. దారిలో కనిపించిన ప్రతివారికీ చూపి, ఈ పిల్లవాడిని ఎరుగుదురా అని అడుగుతాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. వేలమంది చనిపోయిన చోట సినిమా తీయడమా? పైగా నటుడి చేత దర్శకుడి వేషం వేయించి, అప్పటికే సర్దుకుంటున్న ఊళ్లలో భూకంపపు నాటి పరిస్థితిని మళ్లీ కల్పించడమా? ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసివేయరాదు. పరుల దుఃఖాన్ని దృశ్యంగా మార్చి చూపేవారందరికీ ఇది తగులుతుంది. వార్తా ఛాయాచిత్రకారుడికీ తగులుతుంది, కవికీ తగులుతుంది. కియరొస్తమీ దీనికి ఎక్కడా ఉపన్యాసంతో జవాబు చెప్పలేదు. చిత్రంలోనే ఒక ముసలివాడి నోట చెప్పించారు.

ఆ ముసలివాడు మరెవరో కాదు, మొదటి చిత్రంలో పువ్వు తెంపి ఇచ్చిన వడ్రంగి రూహీ. అతడు పింగాణీ మరుగుదొడ్డి పాత్ర ఒకటి మోసుకుంటూ రోడ్డు మీద కనిపిస్తాడు. చనిపోయినవారు చనిపోయారు, ఉన్నవారికి కావలసినవి కావాలి కదా అన్నట్లు ఉంటుంది అతని ధోరణి. దర్శకుడు అతనిని కారు ఎక్కించుకుంటాడు. మాటల సందర్భంలో రూహీ తన ఫిర్యాదు బయటపెడతాడు. తాను అంత ముసలివాడు కాకపోయినా ఆ చిత్రంలో వీపుకు గూని తగిలించి మరింత ముసలివాడిని చేశారట. మనిషిని ఉన్నదానికంటె ముసలిగా, వికారంగా చూపడం ఏమి కళ అని అతని ప్రశ్న. తరువాత దర్శకుడు కూలకుండా నిలిచిన అతని ఇంటిని చూసి, భూకంపంలో ఇల్లు దక్కిందే అంటాడు. అప్పుడు రూహీ అసలు సంగతి చెబుతాడు. ఇది కూడా సినిమా ఇల్లేనట. తన సొంత ఇల్లు కూలిపోయిందట. తాను ఉంటున్నది డేరాలోనట. ఇది నీ ఇల్లని చెప్పమని ఈ చిత్రంవారే తనకు చెప్పారట!

ఈ మాటలతో తెర మీది కథ ఒక్కసారి నిలిచిపోతుంది. అంతవరకు ప్రేక్షకుడు తాను నిజమైన భూకంప ప్రాంతంలో నిజమైన మనిషిని చూస్తున్నానని నమ్ముతూ వచ్చాడు. ఇప్పుడు ఆ మనిషే తాను ఆడుతున్న అబద్ధాన్ని చెప్పేశాడు. విచిత్రమేమిటంటే, ఆ ఒప్పుకోలుతో అతని మీద నమ్మకం తగ్గకపోగా పెరుగుతుంది. ఇల్లు కల్పితం, డేరా వాస్తవం. ఆ రెండింటి నడుమ నిలిచి మాట్లాడుతున్న రూహీ మాత్రం నిజం. అంతలో నీళ్లు తాగే పాత్ర కనబడక అతడు వెతుకుతుంటే చిత్రబృందంలోని ఒక స్త్రీ వచ్చి అందించి పోతుంది. కథ మళ్లీ సాగుతుంది. అసత్యాన్ని పూర్తిగా తొలగించి సత్యాన్ని చూపడం సినిమాకు సాధ్యం కాదు. ఎక్కడ కల్పించామో చెప్పడం మాత్రం సాధ్యం. అంతకంటె ముఖ్యంగా, తన ముఖాన్ని కథకు అరువిచ్చిన మనిషికి ఆ కథ మీద ఫిర్యాదు చేసే అవకాశం ఇవ్వడం సాధ్యం. రూహీకి ఆ అవకాశం దొరికింది. నానూక్‌గా నటించిన అల్లకరియల్లక్‌కు దొరకలేదు.

కియరొస్తమీకి ఈ ఆలోచన కోకర్‌లోనే పుట్టిందనడానికి లేదు. అంతకు కొంచెం ముందే ఆయన 'క్లోజప్' అనే చిత్రం తీశారు. హుసేన్ సబ్జియాన్ అనే పేదవాడు తాను ప్రసిద్ధ దర్శకుడు మొహ్‌సెన్ మఖ్‌మల్‌బాఫ్‌నని చెప్పుకొని టెహరాన్‌లోని ఒక కుటుంబాన్ని నమ్మించాడు. మోసం బయటపడి అరెస్టయ్యాడు. పత్రికలో ఆ వార్త చదివిన కియరొస్తమీ న్యాయస్థానపు విచారణను చిత్రించడమే కాక, మోసగించినవాడి చేతనూ మోసపోయినవారి చేతనూ వారి వారి పాత్రలనే ధరింపజేసి జరిగిన కథను మళ్లీ నడిపించారు. చివర అసలు మఖ్‌మల్‌బాఫ్ తన మోటారు సైకిలు మీద వచ్చి సబ్జియాన్‌ను ఎక్కించుకొని, పూలకుండీతో ఆ కుటుంబం ఇంటికి తీసుకువెళతాడు. ఆ చిత్రం ప్రత్యేకమైన అధ్యయనానికి తగినది. ఇక్కడ ఇంతమాత్రం చాలు.

రెండవ చిత్రంలో ఆ పిల్లలు దొరుకుతారా? ప్రేక్షకుడు మొదటి నుండి చివరి దాకా ఈ ఒక్క ప్రశ్నతోనే కూర్చుంటాడు. డేరాల మధ్య ఒక యువకుడు ఫుట్‌బాల్ ఆట చూడడానికి టెలివిజన్ యాంటెన్నా నిలబెడుతుంటాడు. ఇంత విషాదంలో ఆటా అని దర్శకుడికి సందేహం. తనవారిని పోగొట్టుకున్న ఆ యువకుడికి ఆ సందేహం లేదు. ఇద్దరు పిల్లలు పొయ్యి మోసుకుంటూ ముందు పోతున్నారని దారిలో ఎవరో చెబుతారు. వారేనేమో! ఎదురుగా నిట్టనిలువు చడవు. కారు ఎక్కలేక వెనక్కి జారుతుంది. గ్యాస్ సిలిండరు మోసుకుపోతున్న ఒక బాటసారి తన బరువు దించి కారును నెడతాడు. ఇంజను కదిలిన తరువాత కారు వెనక్కి పోయినట్లే పోయి, మళ్లీ వేగంగా వచ్చి, చడవు ఎక్కి, దారిలో ఆ బాటసారిని ఎక్కించుకొని ముందుకు సాగుతుంది. ఇదంతా చాలా దూరం నుండి, ఎదుటి కొండ మీద నిలబడి చూస్తున్నట్లుగా కనిపిస్తుంది. అక్కడితో చిత్రం ముగుస్తుంది. పిల్లలు కనిపించరు.

వాస్తవంలో బాబక్, అహ్మద్ ఇద్దరూ బ్రతికే ఉన్నారు. వారిని తెర మీద చూపి ఉంటే ప్రేక్షకులు కన్నీళ్లతో, సంతోషంతో లేచి ఇళ్లకు వెళ్లేవారు. కాని అదే ఊళ్లలో శిథిలాల కింద ఎందరో పిల్లలు పోయారు. వారికి సినిమా లేదు, ప్రచార పత్రం మీద వారి ముఖాలు లేవు, వారిని వెతుక్కుంటూ టెహరాన్ నుండి ఎవరూ రాలేదు. సినిమాలో నటించినందువల్ల ఇద్దరి ప్రాణాలకే విలువ పెరిగిందన్నట్లు చూపితే మిగిలిన వారికి అన్యాయం చేసినట్లవుతుంది. ఇక్కడ వాస్తవం కథకంటె సుఖంగా ఉంది. ఆ సుఖాన్ని వాడుకోకపోవడమే దర్శకుడి వివేకం. ఇది కొందరు ప్రేక్షకులకు నచ్చదు. వారిని తప్పుపట్టలేం.

మూడవ చిత్రానికి బీజం రెండవ చిత్రంలోని ఒక చిన్న సన్నివేశం. భూకంపం వచ్చిన మరునాడే పెళ్లి చేసుకున్నామని ఒక యువకుడు దర్శకుడికి చెప్పే ఘట్టం అది. ఆ ఘట్టాన్ని చిత్రిస్తున్నప్పటి కథే 'ఆలివ్ చెట్ల నడుమ'. ఆరంభంలోనే ఒక నటుడు కెమెరా వైపు తిరిగి తన పేరు మొహమ్మద్ అలీ కెషావర్జ్ అని, తాను ఇందులో దర్శకుడి వేషం వేస్తున్నానని చెబుతాడు. ఆ మాటతో చూసేవారికి దారి స్పష్టమవుతుంది. భార్యాభర్తలుగా నటించవలసిన హుసేన్, తాహెరె అనే ఇద్దరి మధ్య కెమెరా వెనుక మరొక కథ నడుస్తుంటుంది. హుసేన్ ఆమెను పెళ్లాడతానని పూర్వమే అడిగాడు. చదువు రానివాడు, ఇల్లు లేనివాడు అని ఆమె తల్లిదండ్రులు కాదన్నారు. భూకంపంలో వారు పోయారు. ఇప్పుడు నాయనమ్మ కాదంటుంది. తాహెరె మాత్రం అవునని గాని కాదని గాని అనదు. పుస్తకంలో తల దించుకొని కూర్చుంటుంది. ఇళ్లున్నవారు ఇళ్లున్నవారినే, చదువుకున్నవారు చదువుకున్నవారినే చేసుకుంటే లోకం ఎలా నడుస్తుంది, లేనివారు ఏమైపోవాలి అని హుసేన్ వాదిస్తాడు. ఇళ్లన్నీ కూలి అందరూ సమానమైన చోట ఇల్లు లేదన్న కారణంతో అతనిని కాదనడం ఎంత విడ్డూరం!

ఈ చిత్రంలో రెండు ఘట్టాలు జాగ్రత్తగా చూడదగినవి. మొదటిది, భార్య భర్తను గౌరవవాచకంతో పిలవాలని దర్శకుడు కోరుతాడు. తాహెరె ప్రతిసారీ ఉత్త 'హుసేన్' అనే అంటుంది. మన భాషలో 'గారు' చేర్చడానికి, చేర్చకపోవడానికి మధ్య ఎంత దూరముందో తెలిసినవారికి ఆమె పట్టుదల అర్థమవుతుంది. తీసినదే మళ్లీ మళ్లీ తీస్తారు. ఆమె మారదు. చివరికి దర్శకుడే మారతాడు. అంతకుముందు పల్లెటూరి దుస్తులు వేసుకోమన్నప్పుడు కూడా ఆమె తన ఇష్టమైన గౌనే కావాలని పేచీ పెడుతుంది. బీదపల్లె పిల్ల ఎలా కనిపించాలన్న విషయంలో చిత్రబృందానికి ఒక ఊహ ఉంది. ఆ పిల్లకు మరొక ఊహ ఉంది.

రెండవది ఇంకా తీవ్రమైనది. భూకంపంలో తన బంధువులు అరవై అయిదుగురు పోయారని హుసేన్ చెప్పాలి. సంభాషణలో ఉన్నది అంతే. అతడు ఇరవై అయిదుగురు అంటాడు. దర్శకుడు సరిదిద్దుతాడు. మళ్లీ ఇరవై అయిదుగురు. మరచిపోయి కాదు, అతని వారు పోయినది ఇరవై అయిదుగురే. రాసుకున్న కథకు అరవై అయిదు కావాలి. ప్రేక్షకుడి గుండె కదలడానికి ఇరవై అయిదు చాలదా అని ఎవరూ అడగరు. చిత్రంలో ఎవరూ దానిని గురించి వ్యాఖ్యానించరు. చిత్రీకరణ మళ్లీ మొదలవుతుంది. కల్పన వాస్తవాన్ని ఎక్కడ కొంచెం కొంచెంగా జరుపుతుందో ఇంత నిరాడంబరంగా చూపిన ఘట్టం మరొకటి అరుదు. ఒక్కొక్క మనిషిని పేరుతో, ముఖంతో గుర్తుపెట్టుకొని లెక్కపెట్టిన సంఖ్య ఇరవై అయిదు. హుసేన్ దానిని వదులుకోలేకపోవడమే అతని దుఃఖానికి గుర్తు. పెద్ద ఏడుపు సన్నివేశం పెట్టి ఉంటే ఇది దక్కేది కాదు.

చిత్రం చివర పని ముగించుకొని తాహెరె ఇంటికి నడిచిపోతుంటుంది. హుసేన్ ఆమె వెంట మాట్లాడుతూనే పోతాడు. ఆలివ్ తోట దాటి, పచ్చని పొలాల మధ్య ఇద్దరూ రెండు తెల్లని చుక్కలై పోతారు. ఒక చుక్క మరొక చుక్కను అందుకుంటుంది. మరుక్షణం ఒకటి వెనుదిరిగి పరుగెత్తుకుంటూ వస్తుంది. ఆమె ఏమి చెప్పిందో వినిపించదు. అవును అన్నదని కొందరు, లేదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

కియరొస్తమీ 2016లో మరణించారు. పునరుద్ధరించిన ప్రతులతో ఈ మూడు చిత్రాలూ 2019లో మళ్లీ ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. మూడవ చిత్రాన్ని చూసేవారు సాధారణంగా హుసేన్, తాహెరెల మీదనే చూపు నిలుపుతారు. అందువల్ల మధ్యలో వచ్చిపోయే ఒక చిన్న విషయాన్ని చాలామంది గమనించరు. చిత్రీకరణకు కావలసిన పూలకుండీలు పట్టుకొని ఇద్దరు అన్నదమ్ములు వస్తారు. కొంచెం పొడవు పెరిగారు. వారిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు, సంగీతం మారదు, కెమెరా వారి ముఖాల దగ్గరికి పోదు. వారు బాబక్, అహ్మద్. కుండీలు ఇచ్చి వెళ్లిపోతారు.